జర్మన్ రాజవంశాల పేర్లు చదవడం ఎలా

విజయనగరంలో మా అమ్మమ్మ ట్రంకుపెట్టెలో, పసుపు గుడ్డలో చుట్టి రెండు వెండి రూపాయలున్నాయి. ఒకటి 1901 నాటి విక్టోరియా రాణిది, ఇంకోటి 1907 నాటి ఎడ్వర్డ్‌ది. తల్లీకొడుకులే, కానీ వంశాలు వేరు. ఆమెది హనోవర్, ఆయనది సాక్స్-కోబర్గ్-గోథా, ఎందుకంటే తండ్రి ఆల్బర్ట్ ఆ జర్మన్ ఇంటివాడు. కాబట్టి వంశవృక్షం గీసేటప్పుడు ముందు తండ్రి ఎవరో చూడండి, తల్లి ఎంత పెద్ద మహారాణి అయినా సరే. నేను చార్టు మీద రెండు రూపాయలూ పెట్టి వాటి మధ్యలో పెన్సిల్‌తో ఖాళీ సున్నా చుట్టి ఆల్బర్ట్ అని రాశాను, అప్పటికి గానీ విషయం బుర్రకెక్కలేదు.

తర్వాత పేరులో 'ఫాన్' (జర్మన్‌లో 'ఫలానా చోటు నుంచి' అని) ఎక్కడుందో చూడండి. దాని వెనక వచ్చేది చాలావరకు ఊరో కోటో. పూసపాటి వారికి ఊరి నుంచి ఇంటిపేరు వచ్చినట్టే హోహెన్‌జొలెర్న్ వారికి కొండమీది కోట నుంచి వచ్చింది. వాళ్లు 1701లో ప్రష్యాకి రాజులై, 1871లో జర్మనీకి చక్రవర్తులయ్యారు, అయినా వంశం పేరు ఆ కోటదే.

పేరులో గీతలు కనిపిస్తే కంగారు పడకండి, అవి అన్నదమ్ముల వాటాలు! సాక్సనీని ఏలిన వెట్టిన్ వంశం 1485లో రెండుగా చీలింది. అందులో ఎర్నెస్టీన్ శాఖవాళ్లు తరతరాలుగా భూమి పంచుకుంటూ పోవడంతో సాక్స్-వైమార్, సాక్స్-మైనింగెన్ లాంటి పేర్లు పుట్టాయి. ముందు మాట మూలం, వెనక మాట వాటాకి వచ్చిన ఊరు. ఆల్బర్ట్‌ది ఈ శాఖే.

బిరుదుల వరుస పైనుంచి కిందికి ఇలా రాసుకోండి: కైజర్ (చక్రవర్తి), కోనిగ్ (రాజు), గ్రోస్‌హెర్ట్‌సోగ్ (గ్రాండ్ డ్యూక్), హెర్ట్‌సోగ్ (డ్యూక్), ఫ్యూర్స్ట్, గ్రాఫ్ (కౌంట్). ఫ్యూర్స్ట్‌కీ ప్రిన్స్‌కీ తేడా మర్చిపోవద్దు. ఫ్యూర్స్ట్ అంటే చాలాసార్లు తనే ఏలేవాడు, ప్రిన్స్ అంటే ఎక్కువగా ఏలేవాడి ఇంటి పిల్లాడు.

వారసత్వం దగ్గర మాత్రం కాస్త ఆగి చూడాలి. 1837లో విక్టోరియాకి ఇంగ్లండ్ దక్కింది గానీ జర్మనీలోని హనోవర్ రాజ్యం దక్కలేదు, అక్కడ వంశంలో మగవాడు ఉండగా ఆడపిల్లకి సింహాసనం రాదు, చిన్నాన్న ఎర్నెస్ట్ అగస్టస్ రాజయ్యాడు. ఒకే రాజు కింద ఉన్న రెండు రాజ్యాలు అలా విడిపోయాయి. అందుకే చార్టులో పేరు పక్కనే రాజ్యం పేరు కూడా రాయండి.

రాయిస్ వంశం వస్తే పేర్లని నమ్ముకోవద్దు, మగపిల్లలందరూ హైన్రిష్‌లే, నంబర్లు కూడా శాఖకో లెక్కలో నడుస్తాయి. పుట్టిన సంవత్సరం వేసుకుంటేనే ఎవరు ఎవరో తెలుస్తుంది.

ఇంకొక్కటి, 1919 తర్వాతి జర్మన్ కాగితాల్లో 'ప్రిన్స్ ఫాన్' అని కనిపిస్తే దాన్ని బిరుదుల గడిలో వేయకండి. ఆ ఏడాది వచ్చిన రాజ్యాంగంతో బిరుదులు ఇంటిపేరులో భాగమైపోయాయి, కాబట్టి ఇంటిపేరు గడిలోనే రాయండి.