ఇంటిపన్ను కట్టాం, మరి లెక్క అడగడం ఎలా?

పంచాయతీ ఖర్చుల లెక్క అడగడానికి మా వీధిలో ఎవరికి అర్జీ కావాలన్నా నా దగ్గరికే వస్తారు. అందరికీ ముందు చెప్పేది ఒకటే: ఇంటిపన్ను బాకీ ఉంటే కట్టేయండి. సమాచార హక్కు చట్టం అది అడగదు కానీ, "ముందు నువ్వు కట్టావా?" అని పంచాయతీ సెక్రటరీ అనకుండా ఉంటాడు.

ఇక దరఖాస్తు. సమాచార హక్కు చట్టం, 2005 కింద తెల్లకాగితం మీద తెలుగులోనే రాయొచ్చు. పంచాయతీ ఆఫీసులో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. ఎందుకు కావాలో చెప్పక్కర్లేదు, అడిగినా చెప్పకండి.

అసలు కిటుకంతా ప్రశ్నలోనే ఉంది. "మా రోడ్డు ఎందుకు ఇలా పాడైంది?" అని రాస్తే జవాబు రాదు. కాగితాలు అడగాలి. నేనైతే ఇలా రాస్తాను: "ఫలానా వార్డులో వేసిన సీసీ రోడ్డు అంచనా ప్రతి, ఎం-బుక్ నకలు, చెల్లించిన బిల్లుల నకళ్లు ఇవ్వగలరు." ఎం-బుక్కు అంటే పని కొలతల పుస్తకం, అందులో పొడవు, వెడల్పు, మందం అన్నీ రాసి ఉంటాయి. టేపు పట్టుకుని రోడ్డు మీదికి వెళ్తే పొడవు, వెడల్పు అక్కడే తేలిపోతాయి.

దరఖాస్తు చేతికిస్తే రెండో కాపీ మీద తేదీతో సంతకం, ముద్ర వేయించుకోండి. పోస్టులో అయితే రసీదు దాచండి. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే టెన్షన్ వద్దు, పై అధికారికి 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయండి. అక్కడా తేలకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు వెళ్లొచ్చు. జవాబివ్వాల్సిన 30 రోజుల గడువు దాటాక ఇచ్చే నకళ్లకు డబ్బు తీసుకోకూడదు.