చేతికర్రకు గ్రిప్ టేపు: చుట్టేది కింది నుంచి పైకి

శివరాత్రికో ఉగాదికో ఆత్మకూరు వైపు నుంచి నల్లమల దాటి శ్రీశైలం నడిచేవాళ్లు వెదురుకర్రకు బ్యాడ్మింటన్ గ్రిప్ టేపు చుట్టుకోండి, చేతికి నిజంగా సుఖం. కర్ర సన్నగా ఉంటే పిడికిలి బిగించి పట్టాలి, వేళ్లు గుంజేది అందుకే. పట్టు దగ్గర మందం 3 నుంచి 4 సెంటీమీటర్లు రావాలి; చాలకపోతే అడుగున ఇంకో టేపు వేయండి.

కణుపులను సాండ్‌పేపర్‌తో రుద్ది, దుమ్ము తుడిచాక కింది నుంచి పైకి చుట్టండి, ప్రతి చుట్టూ కింది చుట్టు మీదికి మూడో వంతు ఎక్కాలి. పైనుంచి కిందికి చుడితే, చెయ్యి నొక్కినప్పుడల్లా అంచులు లేచి చుట్టుకుపోతాయి. చివర ఇన్సులేషన్ టేపు రెండు చుట్లు చాలు. గ్రిప్ టేపుకు బదులు సైకిల్ ట్యూబు వద్దు. చెమట పీల్చదు, ఆ ఎండల్లో అరచేయి తడిసి బొబ్బలెక్కుతుంది.