ఉమ్మడి ఆస్తిలో ఒకరు పోయాక రికార్డుల్లో పేరు మారడం లేదా?

సమస్య: మనిషి పోయి ఏడాదైనా 1బీలో (ఆంధ్రప్రదేశ్‌లో ఏ భూమి ఎవరి పేరున ఉందో చూపే రెవెన్యూ రికార్డు) ఆయన పేరే వస్తోంది.
కారణం: మరణాల రిజిస్టరు వేరు, రెవెన్యూ రికార్డు వేరు. అడగందే అమ్మైనా పెట్టదు, తహసీల్దారు ఆఫీసు సంగతి చెప్పాలా?
పరిష్కారం: మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, పాస్‌బుక్, వారసులందరి ఆధార్ కాపీలతో సచివాలయంలోనో మీసేవలోనో మ్యుటేషన్‌కి, అంటే రికార్డులో పేరు మార్పుకి, పెట్టండి. వీఆర్వో ఊళ్లో విచారించాక తహసీల్దారు దగ్గర తేలుతుంది. రీసర్వే అయిన ఊరైతే పాత సర్వే నంబరుతో కాదు, ఎల్‌పీఎం నంబరుతో (రీసర్వేలో ఆ భూమికి ఇచ్చిన కొత్త నంబరు) వెతకాలి.

సమస్య: "ఇద్దరి పేరునా ఉంది, అన్న పోయాడు, ఇక మొత్తం నాదే" అంటున్నాడు చిన్నాయన.
కారణం: గొడవలన్నీ ఇక్కడే. బ్యాంకు జాయింట్ అకౌంటులో మిగిలినవాళ్లు డబ్బు తీసుకుంటారు కదా, పొలమూ అంతే అనుకుంటారు. కాదు. దస్తావేజులో ప్రత్యేకంగా రాసుకుంటే తప్ప, పోయినవాళ్ల వాటా వాళ్ల వారసులకే. కోవూరు దగ్గర అన్నదమ్ములిద్దరూ చెరిసగం పెట్టి 2 ఎకరాల మాగాణి కొన్నారనుకోండి. అన్న వీలునామా రాయకుండా పోయాడు. తల్లి, భార్య, కొడుకు, ఇద్దరు కూతుళ్లు ఉన్నారు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన ఎకరం ఐదు భాగాలు, తలా 20 సెంట్లు. తమ్ముడి ఎకరం తమ్ముడిదే. ముసలి తల్లికి వాటా ఉందన్నది చాలామందికి గుర్తే రాదు. కూతుళ్లకైతే "పెళ్లిలో ఇచ్చేశాంగా" అని పేర్లే రాయరు. అది చెల్లదు. రేపు అమ్మబోతే కొనేవాడి లాయరు ముందు అడిగేది వాళ్ల సంతకాలే.
పరిష్కారం: వారసులందరి పేర్లూ ఎక్కించండి. ఎవరైనా తన వాటా వద్దంటే నోటిమాట చాలదు, హక్కు విడుదల దస్తావేజు రిజిస్టర్ చేయించాలి. రాజీ కుదరకపోతే సివిల్ కోర్టులో భాగపంపకాల దావా తప్పదు.

సమస్య: అర్జీ తిప్పి పంపారు.
చాలావరకు పేరు తేడానే. పాస్‌బుక్‌లో ఇంటిపేరుతో సహా పూర్తిగా, ఆధార్‌లో పొడి అక్షరాలతో, మరణ ధ్రువపత్రంలో ఊళ్లో పిలిచే పేరు. ముందు మరణ ధ్రువపత్రం సరిచేయించుకోండి, తర్వాత మిగతావి. అసలు మరణమే నమోదు చేయించలేదా? 21 రోజులు దాటితే ఆలస్య రుసుము, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి.

సమస్య: ఒంగోలు ఇంటికి పన్ను పేరు మారింది, అయినా బ్యాంకు లోన్ ఇవ్వనంటోంది.
పన్ను రసీదు హక్కుపత్రం కాదు. వారసులంతా కలిసి భాగపరిష్కార దస్తావేజు రిజిస్టర్ చేయించుకుంటే అది ఈసీలో (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం) కనపడుతుంది. బ్యాంకు చూసేది దాన్నే.