వడగాలులు రాకముందే వీధి బృందాన్ని ఎలా సిద్ధం చేసుకోవాలి?

1995 జులైలో షికాగో నగరాన్ని వడగాలులు కమ్మేసినప్పుడు కొద్ది రోజుల్లోనే 700 మందికి పైగా చనిపోయారు. తర్వాత పరిశోధకులు చనిపోయినవారి పరిస్థితులనూ, అదే పరిసరాల్లో బతికి బయటపడ్డవారి పరిస్థితులనూ పోల్చి చూశారు. మంచం పట్టినవారు, ఒంటరిగా ఉండేవారు, రోజులో ఒక్కసారైనా గడప దాటనివారు ఎక్కువగా పోయారని తేలింది. ఇంట్లో ఏసీ ఉన్నవారికి ముప్పు తగ్గింది, అది ఊహించేదే. వచ్చి పలకరించే మనుషులు ఉన్నవారికి కూడా తగ్గింది. ఏసీ అందరికీ సమకూర్చడం వీధి జనం వల్ల అయ్యే పని కాదు. వెళ్లి తలుపు తట్టడం మాత్రం ఇవాళే మొదలుపెట్టవచ్చు. కింద చెప్పేదంతా వీధివాళ్లే ఒక బృందంగా ఏర్పడి ఆ తలుపు తట్టడం ఒక పద్ధతి ప్రకారం ఎలా చేయాలన్నదే.

జాబితాతో మొదలుపెట్టండి

ఎండలు ముదరడానికి కనీసం రెండు నెలల ముందు పని మొదలవ్వాలి. బృందంలో ఒక్కొక్కరికి ఎనిమిది నుంచి పది ఇళ్లు అప్పగించండి, అంతకు మించితే రోజుకు రెండుసార్లు వెళ్లిరావడం కుదరదు. యాభై ఇళ్ల వీధికి ఆరుగురు చాలు, వాళ్లు ఊళ్లో లేనప్పుడు ఆ పని చూసుకోవడానికి మరో ఇద్దరు ఉండాలి. మొదటి ఏడాదే పేటంతా చుట్టేయాలనుకునే బృందాలు నడివేసవికల్లా చేతులెత్తేస్తాయి. ఒక వీధి చక్కగా నడిస్తే పక్క వీధివాళ్లు తామే వచ్చి అడుగుతారు.

ప్రతి ఇంటికీ వెళ్లి, బృందం ఏం చేస్తుందో చెప్పి, ఒప్పుకున్నవారి వివరాలే రాసుకోండి. 65 ఏళ్లు దాటినవారు, ఒంటరిగా ఉండేవారు, పసిపిల్లలు, గర్భిణులు, గుండె, కిడ్నీ, మధుమేహం జబ్బులున్నవారు, ఎండలో పనిచేసేవారు, పై అంతస్తులోనో రేకుల కప్పు కిందో ఉండేవారు ముందు వరుసలో ఉండాలి. ఒక్కో ఇంటికి ఒక్కో కార్డు పెట్టుకోండి. అందులో పేరు, అంతస్తు, ఫోన్ నంబరు, దగ్గరి బంధువు నంబరు, వాడే మందులు, రెండో తాళంచెవి ఎవరి దగ్గరుందో ఉండాలి. తాళంచెవి సంగతి చిన్నదిగా కనిపిస్తుంది కానీ, లోపల మనిషి పడిపోయి పలకనప్పుడు తలుపు పగలగొట్టడానికి పట్టే సమయం చాలా విలువైనది.

మందుల వివరం ఎందుకంటే, నీరు పోయేలా చేసే బీపీ మాత్రలు, గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్లు, కొన్ని మానసిక వ్యాధుల మందులు ఒంటి వేడిని అదుపు చేసుకునే శక్తిని తగ్గిస్తాయి. వాటిని ఎవరూ సొంతంగా మానేయకూడదు. వేసవికి ముందే డాక్టర్ను కలిసి మోతాదు గురించి, రోజుకు ఎంత నీరు తాగవచ్చో అడిగి రమ్మని చెప్పండి. కిడ్నీ, గుండె రోగుల్లో కొందరికి నీటి మీద పరిమితి ఉంటుంది. ఎవరికైనా ఒకే మాటగా ‘బాగా నీళ్లు తాగండి’ అని చెప్పేయడం వాళ్ల విషయంలో ప్రమాదం.

ఈ కార్డులు కాగితం మీదే ఉండనివ్వండి, వాట్సాప్ గ్రూపులో పెట్టవద్దు. ఒంటరి వృద్ధులు ఏ ఇంట్లో ఉన్నారో చెప్పే జాబితా దొంగల చేతిలో పడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. పైగా కరెంటు పోయి ఫోన్లు ఆగిపోయిన రోజే దాని అవసరం ఎక్కువ. రెండు ప్రతులు, ఇద్దరి దగ్గర, తాళం వేసి ఉంచితే సరిపోతుంది.

మీ వీధి వేడిని మీరే కొలవండి

వార్తల్లో చెప్పే ఉష్ణోగ్రత వాతావరణ కేంద్రంలో, నీడలో, గాలి ఆడే పెట్టెలో తీసింది. మీ వీధిలో, ముఖ్యంగా ఇళ్ల లోపల, అది వేరుగా ఉంటుంది. తేమ కూడా చూపించే మామూలు డిజిటల్ థర్మామీటర్లు నాలుగైదు తెచ్చుకోండి. ముందు అన్నిటినీ ఒకే గదిలో పక్కపక్కన గంటసేపు ఉంచి తేడాలు రాసుకోండి. ఒకటి డిగ్రీ ఎక్కువ చూపిస్తుంటే దాని మీద ఆ సంగతి రాసి అంటించండి. ఈ పని చేయకపోతే తర్వాత ఏ లెక్కనూ నమ్మలేరు.

బయట పెట్టేది నేలకు ఒకటింబావు నుంచి రెండు మీటర్ల ఎత్తులో, నీడలో, గోడకు తగలకుండా ఉండాలి. ఎండ నేరుగా పడితే అది గాలి వేడిని కాదు, తన వేడినే చూపిస్తుంది. చెట్టు కింద ఒకటి, చెట్లు లేని చోట ఒకటి, పై అంతస్తు గదిలో ఒకటి, కింది గదిలో ఒకటి పెట్టి మధ్యాహ్నం మూడింటికి, రాత్రి పదింటికి, తెల్లవారుజామున ఐదింటికి చూసి రాయండి. చాలామంది మధ్యాహ్నం లెక్కతో ఆపేస్తారు. నిజానికి పగలంతా కాలిన కాంక్రీటు రాత్రి వేడిని వదులుతుంది, పై గదిలో పడుకున్నవారి ఒంటికి తేరుకునే వ్యవధి దొరకదు. గది వేడి పగలు 32, రాత్రి 24 డిగ్రీలు దాటకుండా చూసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మీ పై గదులు ఆ అంకెకు ఎంత దూరంలో ఉన్నాయో రాత్రి లెక్కలే చెబుతాయి.

వడగాలి రోజున

వాతావరణ శాఖ హెచ్చరిక వచ్చిన రోజే బృందం కదలాలి, మూడో రోజు దాకా ఆగకూడదు. ఆ ఏడాది మొదటి వడగాలే ఎక్కువ ప్రమాదకరం, ఎందుకంటే అప్పటికి ఒళ్లు ఎండకు అలవాటుపడి ఉండదు. అలవాటు కావడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. ఎండలో కొత్తగా పనికి చేరినవారు తొలిరోజు మామూలు పనిలో ఐదో వంతే చేసి, రోజుకు మరో ఐదో వంతు చొప్పున పెంచుకోవాలి. మేస్త్రీలతో, యజమానులతో ఈ మాట బృందమే మాట్లాడితే మేలు, కూలీ ఒక్కడే అడగలేడు. పని చేస్తున్నంతసేపూ ప్రతి పావుగంట, ఇరవై నిమిషాలకు ఒక గ్లాసు నీళ్లు తాగాలి. గంటకు లీటరున్నర మించకూడదు.

ఇళ్లకు మధ్యాహ్నం ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి వెళ్లండి. ఫోన్ చేసి ‘బాగున్నారా’ అంటే ‘బాగానే ఉన్నా’ అనే జవాబే వస్తుంది. వడదెబ్బలో మొదట దెబ్బతినేది తెలివిడే కాబట్టి తన పరిస్థితి బాగోలేదని ఆ మనిషికే తెలియకపోవచ్చు. అందుకే ఎదురుగా కూర్చుని చూడాలి. ఇవాళ ఏ వారమని అడగండి. మూత్రం ఎన్నిసార్లు వెళ్లారు, ఏ రంగులో ఉందని అడగండి. గది థర్మామీటర్ చూడండి. గది 40 డిగ్రీలు దాటితే ఫ్యాన్ గాలి ఒంటిని చల్లబరచదు, ఇంకా వేడెక్కిస్తుంది. అప్పుడు ఒళ్లు తడిగుడ్డతో తుడుస్తూ, మనిషిని చల్లని చోటికి తరలించడం ఒక్కటే దారి. ఆరు నెలల్లోపు పిల్లలకు విడిగా నీళ్లు పట్టకుండా తల్లిపాలే తరచుగా ఇవ్వాలి.

చెమటలు, వాంతులతో నీరసించినవారికి ఓఆర్ఎస్ ప్యాకెట్ ఉత్తమం. అది దొరకనప్పుడు లీటరు శుభ్రమైన నీటిలో తలకొట్టిన ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు కలపండి. ఉప్పు ఎక్కువైతే మేలుకు బదులు కీడు. కలిపినది 24 గంటల్లో వాడకపోతే పారబోయండి.

తరలించడానికి ఒక చల్లని గది ముందే మాట్లాడి పెట్టుకోవాలి. బడి, గ్రంథాలయం, ప్రార్థనా స్థలం, ఏదైనా సరే, కింది అంతస్తులో, ముసలివారు పది నిమిషాల్లో నడిచి చేరే దూరంలో ఉండాలి. నీళ్లు, కూర్చునే చోటు అందరూ గుర్తుపెట్టుకుంటారు, మరుగుదొడ్డి మరిచిపోతారు. అది లేకపోతే ఆడవాళ్లు రారు, వచ్చినా మూత్రానికి వెళ్లాల్సి వస్తుందని నీళ్లు తాగరు. రాత్రి కూడా తెరిచి ఉంచేలా ఒప్పించగలిగితే ఆ గది రెట్టింపు పనికొస్తుంది.

మాట తడబడటం, అయోమయం, మూర్ఛ, ఒళ్లు కాలిపోవడం కనిపిస్తే అది వడదెబ్బే అనుకోండి. చెమట పడుతోంది కదా అని తోసిపుచ్చకండి, ఎండలో పని చేస్తూ పడిపోయినవారికి చెమట పడుతూనే ఉండవచ్చు. ఒకరు అంబులెన్సుకు ఫోన్ చేస్తుంటే మరొకరు అప్పటికప్పుడు చల్లబరచడం మొదలుపెట్టాలి. నీడలోకి చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటినిండా చల్లని నీళ్లు పోస్తూ విసరండి. ఐసు ఉంటే గుడ్డలో చుట్టి మెడ, చంకలు, గజ్జల దగ్గర పెట్టండి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జ్వరం మాత్రలు ఇక్కడ పనిచేయవు.

లెక్కలను అధికారుల ముందు పెట్టండి

వేసవి ముగిసేసరికి మీ చేతిలో ఎవరూ కాదనలేని ఒక పుస్తకం ఉంటుంది. చెట్టు కింద ఎంత, చెట్టు లేని చోట ఎంత, రాత్రి పది గంటలకు పై గదిలో ఎంత అన్నదంతా తేదీలతో ఉంటుంది. దాన్ని ఒక్క పేజీకి కుదించి వినతిపత్రం రాయండి. అడిగేవి మూడు దాటకూడదు. చల్లని గదిని రాత్రి కూడా తెరవడం, మధ్యాహ్నపు పనివేళలు మార్చడం, ఉన్న చెట్లు నరకకుండా ఉత్తర్వు ఇవ్వడం వంటివి అడగవచ్చు. కొత్త మొక్క నీడనివ్వడానికి ఏళ్లు పడుతుంది. కాబట్టి మొక్కలు నాటే హామీ ఇచ్చి పెద్ద చెట్టును కొట్టే బేరానికి ఒప్పుకోకండి. ప్రతి కోరిక పక్కనా ఎవరు, ఎప్పటిలోగా చేయాలో రాసి, అందినట్లు సంతకం తీసుకోండి.

ఇలాంటి ఒత్తిడికి ఫలితం ఉంటుంది. 2010 మేలో అహ్మదాబాద్‌లో వడగాలుల సమయంలో మామూలు రోజుల కంటే 1,300 మందికి పైగా అదనంగా చనిపోయారు. ఆ మరణాల తర్వాతే 2013లో ఆ నగరం ముందస్తు హెచ్చరికలు, ఆస్పత్రి సిబ్బందికి శిక్షణతో కూడిన ప్రణాళిక తెచ్చుకుంది. మరణాలు లెక్కకు రానంతకాలం ఏ పాలకులూ కదలరు. 2024 సంవత్సరం పారిశ్రామిక యుగానికి ముందునాటి సగటు కంటే దాదాపు 1.55 డిగ్రీలు ఎక్కువ వేడిగా గడిచిందని ప్రపంచ వాతావరణ సంస్థ తేల్చింది. బొగ్గు, చమురు వాడకం తగ్గించమని అడిగే ఉద్యమాల్లోకి మీ పుస్తకం కూడా వెళ్లాలి. భూగోళపు సగటును కళ్లతో చూపించలేం కానీ, ఒక పై గదిలో రాత్రి లెక్కలను ఎవరి ముందైనా పెట్టవచ్చు.

వర్షాలు పడ్డాక ఒకసారి కూర్చుని ఎవరి ఇంటికి ఆలస్యంగా వెళ్లాం, ఏ నంబరు పనిచేయలేదు, ఎవరు అలసిపోయి తప్పుకున్నారు అన్నవి రాసుకోండి. ఊరు వదిలి వెళ్లినవారి కార్డులు, ఇక వద్దన్నవారి కార్డులు చింపేయండి. థర్మామీటర్ల బ్యాటరీలు తీసి దాచండి. లోపలే వదిలేస్తే ఉబ్బి కారి, వచ్చే వేసవికి పరికరాలు పాడైపోతాయి.