బేరింగ్ సరిగ్గా కూర్చోవాలి: హైస్కూల్లో క్యామ్, రోబోటిక్స్ కోర్సు నడిపే పద్ధతి

క్యామ్ (కంప్యూటర్లో గీసిన బొమ్మని మెషిన్‌తో కోయించడం), రోబోటిక్స్ కోర్సు కొత్తగా చెప్పబోయే టీచర్లు మొదట మెషిన్ గురించే అడుగుతారు. ఏ మెషిన్ కొనాలి, ఏ సాఫ్ట్‌వేర్ పెట్టాలి, ఏ రోబో కిట్ మంచిది అని. నేను మాత్రం ముందు వెర్నియర్ కాలిపర్లు తెప్పించండి అంటాను. ఇద్దరు పిల్లలకి ఒకటైనా ఉండాలి. కంప్యూటర్లో గీసిన కొలత, మెషిన్ కోసిన కొలత, రెండూ ఒకటి కావని పిల్లలు తమ చేత్తో కొలిచి తెలుసుకున్న రోజు నుంచే కోర్సు అసలు దారిలో పడుతుంది. అప్పటిదాకా వాళ్లు నేర్చుకునేది సాఫ్ట్‌వేర్ మాత్రమే.

అందుకే నేను కోర్సు మొత్తాన్ని ఒక చిన్న వస్తువు చుట్టూ కట్టుకున్నాను. 608 బేరింగ్. స్కేటింగ్ చక్రాల్లో ఉండేది అదే. బయటి వ్యాసం 22 మి.మీ., లోపలి రంధ్రం 8 మి.మీ., మందం 7 మి.మీ. ఎవరు తయారు చేసినా ఇవే కొలతలు. కోర్సు మొదటి సగంలో ప్రతి జట్టూ ఈ బేరింగ్ కూర్చునే ప్లేటు ఒకటి చేస్తుంది. రెండో సగంలో ఆ ప్లేటే వాళ్ల రోబో చేతికి బేస్. బేరింగ్ వదులుగా కూర్చుంటే చెయ్యి ఊగుతుంది. నేను మార్కులు వేసేలోపే సంగతి వాళ్లకి తెలిసిపోతుంది.

ముందు కాగితం, తర్వాత క్యాడ్

క్యాడ్, అంటే కంప్యూటర్లో డిజైన్ గీయడం, నేర్పడం గురించి ఎక్కువ చెప్పను. పిల్లలు త్వరగా పట్టేస్తారు. కానీ మౌస్ పట్టుకునే ముందు కాగితం మీద మూడు వైపుల నుంచి బొమ్మ గీయించండి, కొలతలు రాయించండి. ఏ అంచు నుంచి కొలుస్తున్నారో గట్టిగా అడగండి. ఆ అంచే రేపు మెషిన్ మీద సున్నా అవుతుంది.

ఇక్కడ ఒక్క విషయం మాత్రం మొదట్లోనే చెప్పాలి. మిల్లింగ్ కట్టర్ గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి లోపలి మూల ఎప్పటికీ పదునుగా రాదు. 6 మి.మీ. కట్టర్ వాడితే లోపలి మూలలో కనీసం 3 మి.మీ. గుండ్రం మిగులుతుంది. స్క్రీన్ మీద చక్కటి చతురస్రపు గుంట గీసిన పిల్లలు "సార్, మెషిన్ తప్పు కోసింది" అంటారు. తప్పు మెషిన్‌ది కాదు. ఏ పనిముట్టుతో చేస్తామో తెలుసుకుని గీయడమే డిజైన్.

జీ-కోడ్ చేత్తో రాయించండి

క్యామ్ సాఫ్ట్‌వేర్ క్షణాల్లో వేల లైన్ల జీ-కోడ్ (మెషిన్ ఎలా కదలాలో చెప్పే కమాండ్లు) ఇచ్చేస్తుంది కదా, చేత్తో రాయడం దేనికి అని చాలామంది అనుకుంటారు. నేను ఒప్పుకోను. మెషిన్ కంట్రోలర్ తెర మీద పరిగెత్తే లైన్లు పిల్లలకి అర్థమైతేనే ఏదో తేడాగా ఉందని వాళ్లు సమయానికి ఆపగలరు.

పదో పన్నెండో కమాండ్లు చాలు. జీ0 అంటే కోయకుండా వేగంగా వెళ్లడం, జీ1 అంటే చెప్పిన వేగంతో కోస్తూ తిన్నగా వెళ్లడం, జీ2, జీ3 వంపులు. జీ21 కొలతలు మిల్లీమీటర్లలో ఉన్నాయని చెబుతుంది, జీ20 అంగుళాల్లో అని. ఈ ఒక్క లైన్ తేడా వస్తే కదలిక 25.4 రెట్లు మారిపోతుంది. జీ90 అంటే ప్రతి కొలతా సున్నా నుంచి, జీ91 అంటే ఇప్పుడున్న చోటి నుంచి. ఎం3 స్పిండిల్‌ని (కట్టర్‌ని పట్టుకుని తిరిగే ఇరుసుని) తిప్పుతుంది, ఎం5 ఆపుతుంది, ఎం30తో ప్రోగ్రాం ముగుస్తుంది.

ఇక బేరింగ్ గుంటకి ప్రోగ్రాం రాయమనండి. కట్టర్ 6 మి.మీ., గుంట 22 మి.మీ. అంటే కట్టర్ మధ్యబిందువు 8 మి.మీ. వ్యాసార్ధం ఉన్న వృత్తంలో తిరగాలి. ఇక్కడిదాకా అందరూ వస్తారు. అలాగే రాసి కోస్తే గుంట మధ్యలో 10 మి.మీ. దిమ్మ ఒకటి మిగిలిపోతుంది. కట్టర్ ఒక వలయాన్ని మాత్రమే కోసింది మరి! దిమ్మ చూశాక వాళ్లే కాగితం తీసుకుని లెక్క వేస్తారు, 3 మి.మీ. వ్యాసార్ధంతో ఇంకో చుట్టు వేయాలని. ఈ లెక్క ముందే చెప్పేయకండి. మెత్తటి ఫోమ్ మీద ఆ దిమ్మ మిగిలితే నష్టమేమీ లేదు. టూల్‌పాత్ (కట్టర్ వెళ్లే దారి) అంటే ఏమిటో దాన్ని చూసి అర్థం చేసుకున్నంతగా ఇంకెలాగూ చేసుకోరు.

వేగాల లెక్క కూడా వాళ్లతోనే చేయించాలి. ఫీడ్, అంటే కట్టర్ ముందుకు సాగే వేగం, స్పిండిల్ నిమిషానికి తిరిగే చుట్లు, కట్టర్‌కి ఉన్న పళ్లు, ఒక్కో పన్ను తీసే మందం, ఈ మూడింటి గుణకారం. 10,000 చుట్లు, 2 పళ్లు, 0.05 మి.మీ. అయితే నిమిషానికి 1000 మి.మీ. మెల్లగా నడిపితే భద్రం అని పిల్లలు అనుకుంటారు. ప్లాస్టిక్ మీద అది తిరగబడుతుంది. ఫీడ్ మరీ తగ్గితే పన్ను కోయకుండా రుద్దుతుంది, వేడెక్కుతుంది, కరిగిన ప్లాస్టిక్ కట్టర్‌కి చుట్టుకుంటుంది. పొడి పొట్టులా రాలుతోందా, జిగురులా అంటుతోందా అన్నది చూడమనండి. శబ్దం వినమనండి. కీచుమంటే ఏదో సరిగ్గా లేదు.

మెటీరియల్ సంగతి: మొదట ఫోమ్, తర్వాత మెషినింగ్ మైనం, అసలు ప్లేటుకి 12 మి.మీ. ఎసిటాల్ (ఒక గట్టి ప్లాస్టిక్) షీటు. యాక్రిలిక్ చూడ్డానికి బాగుంటుంది గానీ బేరింగ్ బిగుతుగా నొక్కితే పగుళ్లిస్తుంది. అల్యూమినియం చివర్లో చూసుకోవచ్చు. మీ దగ్గర లేజర్ కట్టర్ కూడా ఉంటే, పీవీసీ షీటు దాని దగ్గరికి రానే రాకూడదు. పీవీసీ కాలితే వచ్చే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు ఊపిరితిత్తులకీ హానే, మెషిన్‌కీ హానే.

మెషిన్ దగ్గర

నలుగురు ఒకేసారి మెషిన్ మీదికి వంగితే ఎవరికీ ఏమీ తెలియదు. జట్టుకి ముగ్గురు. ఒకరు నడుపుతారు, ఒకరు కాగితం చూసి ప్రతి అడుగూ చదివి వినిపిస్తారు, ఒకరు కొలుస్తారు. తర్వాతి పార్ట్‌కి పాత్రలు మారాలి. లేకపోతే చొరవ ఉన్న పిల్లాడే ఏడాదంతా బటన్లు నొక్కుతాడు, మిగతా ఇద్దరూ చూస్తూ ఉండిపోతారు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే, ముఖ్యంగా నిశ్శబ్దంగా పక్కకి తప్పుకునే అమ్మాయిల్ని చూసినప్పుడు.

సున్నా పెట్టడం నెమ్మదిగా నేర్పండి. స్పిండిల్ ఆపి ఉంచి, కట్టర్ కింద మామూలు కాగితం ముక్క పెట్టాలి. జెడ్‌ని (కట్టర్ ఎత్తుని) ఒక్కో మెట్టు 0.1 మి.మీ. చొప్పున దించుతూ, రెండో చేత్తో కాగితాన్ని అటూ ఇటూ లాగుతూ ఉండాలి. కాసేపు స్వేచ్ఛగా కదులుతుంది. ఇంకో మెట్టు దిగగానే వేళ్లకి చిన్న పట్టు తెలుస్తుంది. అప్పటి నుంచి మెట్టు 0.01కి తగ్గించాలి. కాగితం గీరుకుంటూ కదలాలి, చిరగకూడదు. కాగితం మందం సుమారు 0.1 మి.మీ. దాన్ని లెక్కలో కలుపుకుని సున్నా పెట్టాలి. పక్కన నిలబడి చూస్తుంటే పిల్లల ముఖాల్లో టెన్షన్ కనబడుతుంది. తొందర పెట్టకండి, మీ చెయ్యి అడ్డం పెట్టకండి.

తర్వాత గాలిలో నడపాలి. జెడ్ సున్నాని 25 మి.మీ. పైకి జరిపి ప్రోగ్రాం మొత్తం నడిపిస్తే కట్టర్ ఏ దారిలో వెళ్తుందో కనబడుతుంది, బిగించిన క్లాంపులకి తగులుతుందేమో తెలుస్తుంది. ఆ తర్వాతే అసలు కోత.

కళ్లద్దాలు, కట్టిన జుట్టు, మడిచిన చొక్కా చేతులు, ఇవి అందరికీ తెలిసినవే. గ్లవ్స్ విషయం మాత్రం చాలామందికి తెలియదు. తిరిగే కట్టర్ దగ్గర గ్లవ్స్ వేసుకోకూడదు, పట్టుకుంటే గుడ్డతో పాటు చేతినీ లాగేస్తుంది. పొట్టు తీయడానికి స్పిండిల్ పూర్తిగా ఆగాక బ్రష్ వాడాలి. ఎమర్జెన్సీ స్టాప్ ఎక్కడుందో ప్రతి పిల్లా, పిల్లాడూ మొదటి రోజే నొక్కి చూడాలి.

ఒకే మెషిన్ ఉండి క్లాసు పెద్దదైతే క్యూ పెద్ద సమస్య. నేను పెట్టిన నియమం ఏంటంటే, ఏ ప్రోగ్రామైనా 15 నిమిషాల్లో ముగియాలి. మించితే గుంట లోతు తగ్గించాలి, లేదా టూల్‌పాత్ మార్చుకుని రావాలి. నిజమైన కార్ఖానాలో కూడా సైకిల్ టైం (ఒక్కో ముక్కకి పట్టే సమయం) కోసం ఇలాగే కుస్తీ పడతారు కాబట్టి ఈ ఇబ్బంది పాఠంలో భాగమే.

కొలత

మెషిన్ గుంట కోసింది. పిల్ల కాలిపర్ పెట్టి చూస్తే 21.86 వచ్చింది. బేరింగ్ దిగడం లేదు. "స్క్రీన్ మీద 22 అనే ఉంది సార్." ఈ మాట కోసమే ఇన్నాళ్లూ ఆగాం. ఇప్పుడు కారణాలు వెతకాలి. కట్టర్‌ని కొలిస్తే నిజంగా 6 ఉందా? కాస్త తక్కువే ఉండొచ్చు. కోసేటప్పుడు కట్టర్ ఒక పక్కకి వంగిందా? అదే దారిలో ఇంకోసారి తిప్పితే కొంచెం పొట్టు రాలుతుంది, అంటే వంగిందన్నమాటే. కాలిపర్ లోపలి దవడలు చదునుగా ఉంటాయి కాబట్టి రంధ్రాన్ని ఉన్నదాని కంటే కొద్దిగా తక్కువ చూపిస్తాయి. అన్నీ చూశాక కూడా వ్యాసం 0.14 తక్కువైతే, క్యామ్‌లో ఒక్కో పక్క 0.07 సరిచేయాలి. 0.14 అని రాసేవాళ్లు ప్రతి జట్టులో ఒకరుంటారు. ఆ గుంటలో బేరింగ్ గలగలలాడుతుంది.

బేరింగ్ బొటనవేలి ఒత్తిడితో బిగుతుగా దిగాలి, ప్లేటు బోర్లిస్తే పడకూడదు. నొక్కేటప్పుడు బయటి రింగునే నొక్కమనండి. లోపలి రింగు మీద బలం పడితే లోపలి బంతులు దెబ్బతింటాయి.

రోబో చెయ్యి

రోబో అనగానే పిల్లలు మనిషి ఆకారాన్ని ఊహించుకుంటారు. 1961లో జనరల్ మోటార్స్ ప్లాంటులో పనిలోకి దిగిన యూనిమేట్ అనే రోబో చేసిన పని, డై-కాస్టింగ్ మెషిన్ నుంచి కాలిపోతున్న పోత ముక్కల్ని తీసి పక్కన పెట్టడం. మనుషుల చేతులు కాలే పని అది. ఈ సంగతి చెప్పాక వాళ్ల ప్రాజెక్టు ఆలోచనలు నేల మీదికి వస్తాయి.

ప్లేటులో బేరింగ్, దాని గుండా 8 మి.మీ. బోల్టు, పైన రెండు లింకుల (కడ్డీల) చెయ్యి. కదలికకి హాబీ సర్వోలు (చెప్పిన కోణానికి తిరిగి నిలబడే చిన్న మోటార్లు) చాలు. సెకనుకి 50 పల్సులు పంపాలి. పల్సు సుమారు 1.5 మిల్లీసెకన్లు ఉంటే సర్వో మధ్యలో నిలబడుతుంది. సర్వోకి కరెంటు మైక్రోకంట్రోలర్ (ఆ పల్సులు పంపే చిన్న కంప్యూటర్ చిప్) నుంచి లాగకూడదు, విడిగా సప్లై ఇవ్వాలి, కానీ రెండిటి గ్రౌండూ కలపాలి. చెయ్యి పిచ్చిగా వణుకుతోందంటే ముందు ఆ గ్రౌండ్ వైరు చూడండి.

తర్వాత త్రికోణమితి. కోసైన్ సూత్రం పరీక్ష కోసం తప్ప ఎందుకూ పనికిరాదని నమ్మే పిల్లలకి ఇక్కడ అది అవసరమవుతుంది. రెండు లింకులూ 120 మి.మీ. అనుకోండి. చెయ్యి కొస ఎక్స్ 120, వై 120 దగ్గరికి చేరాలి. ఎక్స్ వర్గం, వై వర్గం కలిపి, అందులోంచి లింకుల వర్గాలు రెండూ తీసేస్తే సున్నా. కోసైన్ సున్నా కాబట్టి మోచెయ్యి 90 డిగ్రీలు. కంపాస్‌తో కాగితం మీద గీసి సరిచూసుకోమనండి. మోచెయ్యి ఇటు వంచినా అటు వంచినా కొస అక్కడికే చేరుతుందని కూడా అప్పుడే కనబడుతుంది.

చెయ్యి కదిలాక కొసకి పెన్ను కట్టి, ఒకే బిందువుకి మళ్లీ మళ్లీ పంపండి. రోబోల కచ్చితత్వాన్ని పరీక్షించే ఐఎస్ఓ 9283 ప్రమాణంలో 30 సార్లు పంపి చూస్తారు, మనమూ అలాగే చేయొచ్చు. చుక్కలన్నీ ఒకచోట గుంపుగా పడి, అనుకున్న చోటికి దూరంగా ఉంటే లెక్కో సున్నానో తప్పింది, సరిదిద్దుకోవచ్చు. చెల్లాచెదురుగా పడితే ఎక్కడో వదులుంది, సాఫ్ట్‌వేర్‌తో పోదు. 300 మి.మీ. చేతిలో భుజం దగ్గర ఒక్క డిగ్రీ ఆడితే కొస దగ్గర 5 మి.మీ. పైనే తేడా. అప్పుడు పిల్లలు తమంతట తామే వెనక్కి వెళ్లి ప్లేటు విప్పి బేరింగ్ గుంట మళ్లీ కొలుస్తారు.

చివరి ప్రాజెక్టు ఈ రెండు సగాల్నీ కలుపుతుంది. చెయ్యి ఫోమ్ ముక్కని తీసి మెషిన్ ఫిక్స్చర్‌లో (ముక్కని కదలకుండా పట్టి ఉంచే అమరికలో) పెట్టాలి, మెషిన్ కోయాలి, చెయ్యి దాన్ని బయటికి తీయాలి. కష్టమంతా కదలికలో ఉండదు, సంకేతాల్లో ఉంటుంది. చెయ్యి పూర్తిగా బయటికొచ్చిందని మెషిన్‌కి తెలియాలి, స్పిండిల్ ఆగిందని చేతికి తెలియాలి. ప్రతి సంకేతానికీ ఒక స్విచ్చు, ఒక వైరు. "అంతా బాగుంది" అన్నప్పుడే సర్క్యూట్ మూసుకుని ఉండేలా కలపాలి. అప్పుడు వైరు తెగినా, ఊడినా యంత్రం ఆగే వైపుకే పోతుంది. మొదట స్పిండిల్‌లో కట్టర్ లేకుండా నడిపిస్తాను. మధ్యలో నేనే వెళ్లి ఏదో ఒక వైరు పీకేస్తాను, ఏది పీకుతానో వాళ్లకి చెప్పను. చెయ్యీ, మెషినూ రెండూ అక్కడికక్కడే ఆగితేనే కట్టర్ బిగించడానికి అనుమతి ఇస్తాను.