పిల్లలకు సాంత్వన కళా కార్యక్రమాలు నడిపే సంస్థ: రిజిస్ట్రేషన్ నుంచి వార్డు గుమ్మం దాకా దరఖాస్తు విధానం

నెలల తరబడి ఆస్పత్రి మంచం మీద ఉండే పిల్లలు, బాలల సదనాల్లో పెరిగే పిల్లలు, ఇంట్లో చావునో హింసనో చూసి మాట తగ్గించేసిన పిల్లలు. వీరికి రంగులు, మట్టి, తోలుబొమ్మలు, పాటలతో కొంత ఊరట కల్పించాలని పూనుకునేవారి కోసం ఈ వివరణ. నలుగురు స్నేహితులు వారానికోసారి వెళ్లి బొమ్మలు వేయించడానికి ఏ రిజిస్ట్రేషనూ అక్కర్లేదు, ఆ ఆస్పత్రి లేదా సదనం పెద్దల అనుమతి ఉంటే చాలు. కానీ విరాళం తీసుకుని రసీదు ఇవ్వాలన్నా, సంస్థ పేరిట బ్యాంకు ఖాతా తెరవాలన్నా, ప్రభుత్వ ఆస్పత్రితో ఏడాది పొడవునా పనిచేయాలన్నా చట్టబద్ధమైన సంస్థ ఉండాలి.

ముందు రూపం తేల్చుకోండి

దారులు మూడు. ట్రస్టు అయితే దస్తావేజు రాసుకుని సబ్‌ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ చేయించాలి. ఇద్దరు ముగ్గురితోనే మొదలుపెట్టవచ్చు. కంపెనీల చట్టం, 2013లోని 8వ సెక్షన్ కింద లాభాపేక్ష లేని కంపెనీ పెట్టుకోవచ్చు గానీ ఏటా దాఖలు చేయాల్సిన పత్రాలు, ఆడిటరు ఖర్చు చిన్న బృందానికి భారమే. మూడోది సొసైటీ. ఉమ్మడి రాష్ట్రంలో 2001లో వచ్చిన సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టమే ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పటికీ అమల్లో ఉంది, తెలంగాణ కూడా దాన్నే తనదిగా స్వీకరించింది. కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. కళలు, దాతృత్వం, సంస్కృతి, ప్రజాప్రయోజనం వంటివన్నీ ఆ చట్టం పరిధిలోకి వస్తాయి. నిర్ణయాలు పదిమంది కలిసి తీసుకునే ఏర్పాటు, ఏటా సర్వసభ్య సమావేశం, లెక్కలు అందరి ముందు పెట్టడం సొసైటీలో సహజంగా ఉంటాయి. పిల్లలతో చేసే పనికి ఇదే సరైన రూపమని నా అభిప్రాయం. కాబట్టి ఇక్కడినుంచి సొసైటీ గురించే చెబుతాను.

ఆ ఏడుగురూ ఒకే ఇంటివారు కాకుండా చూసుకోండి. రేపు ఆదాయపు పన్ను అధికారి గానీ, పెద్ద దాత గానీ మొదట చూసేది కార్యవర్గం జాబితానే. ఒక చిత్రకారుడు లేదా సంగీతం నేర్పేవారు, పిల్లల వైద్యం తెలిసినవారు ఒకరు, లెక్కలు చూడగలిగినవారు ఒకరు ఉంటే సంస్థ నిలబడుతుంది.

లక్ష్యాలు రాయడమే అసలు పని

సొసైటీకి రెండు పత్రాలు కావాలి. ఒకటి మెమొరాండం: పేరు, చిరునామా, లక్ష్యాలు, మొదటి కార్యవర్గం వివరాలు అందులో ఉంటాయి. రెండోది బైలాస్: సభ్యత్వం, ఎన్నికలు, సమావేశాలు, కోరం, డబ్బు వ్యవహారం, సంస్థను రద్దు చేసే పద్ధతి అందులో ఉంటాయి. చాలామంది ఎవరిదో పాత నమూనా తెచ్చి పేరు మార్చి దాఖలు చేస్తారు. అందులో వృద్ధాశ్రమం, గోసంరక్షణ, కంప్యూటర్ శిక్షణ వరసగా ఉంటాయి, పిల్లల మాట ఎక్కడో పన్నెండో లక్ష్యంగా కనిపిస్తుంది. దయచేసి అలా చేయకండి. ఆ పేజీ మీ సంస్థ ఉన్నన్నాళ్లూ మీ వెంట వస్తుంది. పన్ను మినహాయింపు అడిగినా, కంపెనీ నిధులు అడిగినా అదే తిరగేస్తారు.

ప్రధాన లక్ష్యాన్ని ఇలా రాసుకోవచ్చు: "ఆర్థికంగా వెనుకబడిన కుటుంబాల పిల్లలకు, దీర్ఘకాలిక వ్యాధులతో చికిత్స పొందుతున్న పిల్లలకు, సంరక్షణ సంస్థల్లో ఉన్న పిల్లలకు చిత్రలేఖనం, మట్టి పని, తోలుబొమ్మలాట, సంగీతం వంటి కళల ద్వారా మానసిక ఊరట కల్పించే కార్యక్రమాలను కుల, మత, లింగ భేదం లేకుండా ఉచితంగా నిర్వహించడం."

ఇందులో ఎవరికి, ఏమిటి, ఎలా అన్న మూడూ ఉన్నాయి. "చికిత్స చేస్తాం", "నయం చేస్తాం" అన్న హామీ లేదు. క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే భారత పునరావాస మండలిలో నమోదు ఉండాలి. అలాంటి నిపుణులు మీ బృందంలో లేనప్పుడు చికిత్స పేరెత్తడం పిల్లల తల్లిదండ్రులకు తప్పుడు ఆశ పెట్టడమే అవుతుంది.

పన్ను కోణం కూడా ఇక్కడే మొదలవుతుంది. "విద్య" అని ఒక్క ముక్క రాస్తే పన్ను మినహాయింపుకు సరిపోతుందని కొందరు అనుకుంటారు. న్యూ నోబుల్ ఎడ్యుకేషనల్ సొసైటీ కేసులో 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తరువాత విద్య అంటే క్రమబద్ధమైన పాఠశాల తరహా బోధనే అన్న అర్థం గట్టిపడింది. ఆస్పత్రి వార్డులో బొమ్మలు వేయించడం ఆ నిర్వచనంలో ఇమడదు. అప్పుడు దాన్ని "సాధారణ ప్రజాప్రయోజనం" కింద లెక్కించే అవకాశం ఉంటుంది. ఆ వర్గంలో ఉంటే గ్రీటింగు కార్డులు, క్యాలెండర్లు అమ్మడం వంటి వ్యాపార రాబడి మొత్తం రాబడిలో 20 శాతం దాటకూడదు. పేద పిల్లలకు ఉచిత సేవ అని లక్ష్యంలోనే స్పష్టంగా ఉంటే పేదల సహాయం అనే వర్గం కింద మినహాయింపు అడగడానికి ఆధారం దొరుకుతుంది. రాసే ముందు ఒక చార్టర్డ్ అకౌంటెంట్‌కు చూపించండి.

బైలాస్‌లో మూడు నిబంధనలు తప్పనిసరిగా ఉండాలి. సంస్థ ఆదాయం సభ్యులకు పంచకూడదు. సంస్థ మూతపడితే మిగిలిన ఆస్తి అలాంటి లక్ష్యాలున్న మరో సంస్థకే చేరాలి. చెక్కుల మీద ఇద్దరి సంతకాలు ఉండాలి. ఈ మూడింటికి తోడు బాలల రక్షణ విధానం పాటించడం ప్రతి సభ్యుడి, ప్రతి కార్యకర్త బాధ్యత అని ఒక నిబంధన చేర్చమని గట్టిగా కోరుతున్నాను.

దాఖలు

దరఖాస్తు జిల్లా రిజిస్ట్రార్ కార్యాలయానికి చేరాలి. రెండు రాష్ట్రాల్లోనూ ఇది రిజిస్ట్రేషన్లు, స్టాంపుల శాఖ పని. ఆ శాఖ వెబ్‌సైటులోనే వివరాలు నింపి, పత్రాలు ఎక్కించి, రుసుము కట్టవచ్చు. అంతకంటే ముందు పేరు చూసుకోవాలి: ఇప్పటికే ఉన్న సొసైటీ పేరును పోలి ఉండకూడదు, ప్రభుత్వ సంస్థ అనిపించేలా ఉండకూడదు. రెండు మూడు ప్రత్యామ్నాయాలు సిద్ధంగా ఉంచుకోండి.

ఏడుగురి ఆధార్ ప్రతులు, వయసు, వృత్తి, చిరునామా, సంతకాలు, సాక్షి సంతకం కావాలి. కార్యాలయం అద్దె ఇల్లయితే యజమాని సమ్మతి పత్రం, చిరునామా రుజువు జతచేయాలి. పేర్లు ఆధార్‌లో ఎలా ఉంటే పత్రాల్లోనూ అక్షరం తేడా లేకుండా అలాగే రాయండి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక ఉంటే ఇప్పుడు గట్టెక్కినా బ్యాంకులో ఆగిపోతుంది.

రిజిస్ట్రేషన్ ధ్రువపత్రం వచ్చాక సంస్థ పేరిట పాన్, ఆపైన కార్యవర్గ తీర్మానంతో బ్యాంకు ఖాతా. ఏటా సర్వసభ్య సమావేశం జరిగిన 15 రోజుల్లోగా కార్యవర్గం, సభ్యుల జాబితాను రిజిస్ట్రార్‌కు సమర్పించాలి. చాలా సంస్థలు ఈ ఒక్క పని మరిచి, నాలుగేళ్ల తరువాత ఏదో గ్రాంటు కోసం అన్నీ ఒకేసారి దాఖలు చేయడానికి పరుగులు పెడతాయి.

పన్ను నమోదు

సంస్థ ఆదాయానికి మినహాయింపు ఇచ్చేది 12ఏ, దాతకు మినహాయింపు ఇచ్చేది 80జీ అని అందరికీ అలవాటైన పేర్లు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం, 2025 అమల్లోకి రావడంతో సెక్షన్ల సంఖ్యలు మారాయి. కాబట్టి పాత ఫారం సంఖ్య పట్టుకుని వెతక్కుండా, ఆదాయపు పన్ను పోర్టల్‌లో సంస్థ పాన్‌తో లాగిన్ అయి అక్కడ కనిపించే ప్రస్తుత ఫారమే నింపండి.

కొత్త సంస్థకు మొదట మూడేళ్లకు తాత్కాలిక నమోదు ఇస్తారు. కార్యక్రమాలు మొదలైన ఆరు నెలల్లోగా, లేదా తాత్కాలిక గడువు ముగియడానికి కనీసం ఆరు నెలల ముందు, ఈ రెండింటిలో ఏది ముందైతే అప్పుడు పూర్తి నమోదుకు దరఖాస్తు చేయాలి. గడువు తప్పేది ఎక్కువగా ఇక్కడే. ఆ దశలో అధికారి పని నిజంగా జరిగిందా అని చూస్తారు. రంగులు, కాగితాలు కొన్న బిల్లులు, ఆస్పత్రి ఇచ్చిన లేఖ, హాజరు పుస్తకం, బ్యాంకు ఖాతా వివరాలు మొదటి రోజు నుంచే దాచిపెట్టండి. 2,000 రూపాయలకు మించి నగదుగా ఇచ్చిన విరాళానికి దాతకు మినహాయింపు రాదని కూడా ముందే చెప్పండి.

పిల్లల దగ్గరికి వెళ్లే ముందు

పై కాగితాలు లేకపోతే సంస్థకు నష్టం. ఇప్పుడు చెప్పబోయేవి లేకపోతే పిల్లలకు నష్టం.

పోక్సో (పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే చట్టం) నిబంధనలు, 2020 ప్రకారం పిల్లలతో తరచూ మసలే ప్రతి సంస్థా తన సిబ్బంది పూర్వాపరాలను పోలీసుల ద్వారా తనిఖీ చేయించాలి, అదీ ఎప్పటికప్పుడు. జీతం తీసుకునేవారికే కాదు, ఆదివారం వచ్చి గిటారు వాయించే స్వచ్ఛంద కార్యకర్తకు కూడా చేయించండి. ఒక కార్యకర్త, ఒక పిల్లవాడు తలుపు మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదన్న నియమం రాతపూర్వకంగా పెట్టండి.

బొమ్మ గీస్తున్న పిల్ల ఒక్కోసారి ఎవరికీ చెప్పని మాట చెబుతుంది. అప్పుడు ఏం చేయాలో కార్యకర్తకు ముందే తెలిసి ఉండాలి. గుచ్చి గుచ్చి అడగకూడదు. "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకూడదు. నల్ల రంగు వాడింది కాబట్టి ఏదో జరిగిందని బొమ్మకు అర్థం తీయడం మన పని కాదు. కానీ లైంగిక వేధింపు జరిగిందని తెలిసినా, జరగవచ్చన్న అనుమానం కలిగినా పోలీసులకు చెప్పి తీరాలి. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఇది ప్రతి ఒక్కరి బాధ్యత, తన కింద పనిచేసేవారి నేరాన్ని దాచిన సంస్థ బాధ్యులకు ఏడాది వరకు జైలు, జరిమానా ఉన్నాయి. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరును, స్థానిక పోలీస్ స్టేషన్ నంబరును రంగుల పెట్టె మూత లోపల అతికించి ఉంచండి.

ఫొటోల సంగతి. బాలల న్యాయ చట్టం, 2015లోని 74వ సెక్షన్ ప్రకారం సంరక్షణ అవసరమైన పిల్లలు, బాధితులైన పిల్లలు ఎవరో తెలిసేలా పేరు, చిరునామా, బడి, చిత్రం ప్రచురించకూడదు. బాలల సదనంలో తీసిన ఫొటోను విరాళాల కోసం వాడటం ఈ సెక్షన్ కిందికే వస్తుంది. ఆస్పత్రిలో తల్లిదండ్రుల సంతకం తీసుకుంటారు కదా అంటే, ఆ సంతకం వాళ్లకు వచ్చిన భాషలో ఉన్న కాగితం మీద, చదివి వినిపించాక తీసుకోవాలి. పాల్గొనడానికి ఒక సమ్మతి, ఫొటోకు వేరే సమ్మతి, బొమ్మను ప్రదర్శించడానికి మరో సమ్మతి ఉండాలి. మూడింటికీ ఒకే సంతకం పెట్టించుకోవద్దు. పిల్లవాడు "నా బొమ్మ ఇవ్వను" అంటే ఇవ్వనట్టే.

మీరు పగటిపూట వచ్చి వెళ్లే కార్యక్రమాలే నడిపితే బాలల సంరక్షణ సంస్థగా నమోదు అక్కర్లేదు. పిల్లలను రాత్రిళ్లు ఉంచుకుని పోషించడం మొదలుపెడితే బాలల న్యాయ చట్టంలోని 41వ సెక్షన్ కింద నమోదు తప్పనిసరి. లేకపోతే ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయలకు తగ్గని జరిమానా, లేదా రెండూ. ప్రత్యేకించి వికలాంగ పిల్లల కోసమే శిక్షణ కేంద్రం పెడితే వికలాంగుల హక్కుల చట్టం, 2016 కింద రాష్ట్ర అధికారి దగ్గర వేరే నమోదు చేయించుకోవాలి.

ఆస్పత్రికి, సదనానికి రాసే లేఖ

హైదరాబాద్‌లోని నిలోఫర్ వంటి పెద్ద ప్రభుత్వ ఆస్పత్రి అయితే లేఖ సూపరింటెండెంట్ పేరిట ఉండాలి. బాలల సదనమైతే మహిళాభివృద్ధి, శిశు సంక్షేమ శాఖ జిల్లా అధికారికి, జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి రాయాలి. సేవాభావం గురించి రెండు పేజీలు రాయకండి. ఏ వార్డు, ఏ వారం, ఏ గంట, ఎంతమంది వస్తారు, ఏమేమి తెస్తారు అన్న ఐదు విషయాలకు జవాబు ఉంటే డ్యూటీ నర్సు కూడా మీ పక్షాన మాట్లాడుతుంది.

తెచ్చే వస్తువుల జాబితా ఆలోచించి రాయండి. కీమోథెరపీలో ఉన్న పిల్లలకు ఇన్‌ఫెక్షన్ భయం ఎక్కువ. వైద్యుడు సరే అనే దాకా పచ్చి మట్టి వద్దు. ఎవరి క్రేయాన్లు వారికే, ఒకరివి మరొకరికి ఇవ్వకూడదు. సెలైన్ సూది కుడిచేతికి ఉంటే పిల్ల ఎడమచేత్తో గీస్తుంది, కాగితం జారిపోతుంది. అందుకే కాగితాన్ని నాలుగు మూలలా అతికించిన తేలికపాటి అట్ట తీసుకెళ్లాలి. ఇలాంటి చిన్న సంగతి లేఖలో కనిపిస్తే చదివేవారికి మీరు పని తెలిసినవారని అర్థమవుతుంది.

నిధుల కోసం

స్వచ్ఛంద సంస్థల వివరాల కోసం నీతి ఆయోగ్ నడిపే ఎన్‌జీఓ దర్పణ్ పోర్టల్‌లో నమోదు ఉచితం. సంస్థ పాన్, ముగ్గురు బాధ్యుల పాన్, ఆధార్ వివరాలు కావాలి. ప్రభుత్వ గ్రాంట్లు అడిగేటప్పుడు ఆ గుర్తింపు సంఖ్య అడుగుతారు. కంపెనీల సామాజిక బాధ్యత నిధులు పొందాలంటే కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో సీఎస్ఆర్-1 ఫారం వేయాలి. పన్ను నమోదులు రెండూ ఉండాలి, చార్టర్డ్ అకౌంటెంటో కంపెనీ సెక్రటరీయో ధ్రువీకరించాలి. కంపెనీలు బయటి సంస్థకు ఈ నిధి ఇవ్వాలంటే ఆ సంస్థకు మూడేళ్ల పని అనుభవం ఉండాలన్న నిబంధన ఉంది, మొదటి ఏడాదే ఆశ పెట్టుకోవద్దు.

తెలుగు కుటుంబాల్లో విదేశాల్లో ఉన్నవారు పంపే డబ్బు గురించి జాగ్రత్త. డల్లాస్‌లో ఉన్న మేనమామకు ఇంకా భారత పాస్‌పోర్టు ఉంటే, తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపే విరాళం విదేశీ విరాళం కాదు. ఆయన అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చేది) మీద వస్తూ పోతూ ఉంటే అది విదేశీ విరాళమే, రూపాయల్లో ఇచ్చినా సరే. దాన్ని తీసుకోవాలంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద నమోదు ఉండాలి. అందుకు సంస్థకు మూడేళ్లు నిండాలి, ఆ మూడేళ్లలో ప్రధాన కార్యక్రమాల మీద 15 లక్షల రూపాయలు ఖర్చు చేసి ఉండాలి, ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ప్రత్యేక ఖాతా తెరవాలి. అంతవరకు ఆగలేనప్పుడు, ఫలానా దాత ఫలానా పనికి ఇంత ఇస్తానని రాసిచ్చిన లేఖతో కేంద్ర హోం శాఖ నుంచి ముందస్తు అనుమతి అడగవచ్చు. ఆ అనుమతి చేతికి వచ్చేదాకా మీ బ్యాంకు ఖాతా నంబరు మేనమామకు పంపకండి.