పాత మోటారు బోటులో విద్యుత్ లోపాలు – మూడో పాఠం: దారిలో పోయే ఓల్టులు

గత పాఠంలో మల్టీమీటరును డి.సి. 20 ఓల్టుల గుర్తుమీద పెట్టి, విశ్రాంతిగా ఉన్న 12 ఓల్టుల బ్యాటరీని కొలవడం నేర్చుకున్నాము. ఇంజను ఆపి, స్విచ్చులన్నీ కట్టేసి కొన్ని గంటలు వదిలాక మీటరు 12.6 గానీ అంతకంటే ఎక్కువ గానీ చూపితే బ్యాటరీ నిండుగా ఉన్నట్టనీ, 12.2 దగ్గర ఉంటే సగం ఖాళీ అయినట్టనీ, 12కు దిగువన ఉంటే ముందుగా చార్జింగుకు పెట్టవలసిందే తప్ప మరే పరీక్షా చేయకూడదనీ చెప్పుకున్నాము. ఆ పరీక్షలో బ్యాటరీ నెగ్గినా ఇంజను మాత్రం తిరగని బోట్ల సంగతి ఈ పాఠంలో చూద్దాము.

మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం ఉంటుంది. బోటు కదలక, ఇంజను నడవక, ఉప్పుగాలి మాత్రం తన పని తాను చేసుకుపోయే ఆ రెండు నెలలలోనే కనెక్షన్లకు పచ్చ చిలుము పడుతుంది. జూన్ మధ్యలో కాకినాడ రేవులో బోట్లు ఒక్కసారిగా బయలుదేరే రోజులలో సెల్ఫ్ కొట్టినా తిరగని ఇంజను కనబడగానే అందరి నోటా వచ్చే మాట "బ్యాటరీ పోయింది" అనే. నేను చూసినంతలో ఆ సమయంలో కొన్న కొత్త బ్యాటరీలలో చాలావాటి అవసరమే లేదు.

పరీక్షకు దిగే ముందు లారీకీ బోటుకూ ఉన్న తేడా ఒకటి గుర్తుంచుకోవాలి. లారీలో ఇనుప చాసిస్ మొత్తం నెగెటివ్ దారిగా పనిచేస్తుంది కనుక, దీపానికి ఒక్క పాజిటివ్ వైరు లాగి, రెండో కొసను దగ్గరలో ఉన్న ఇనుముకు బిగిస్తే సరిపోతుంది. చెక్క బోటుకైనా ఫైబర్ బోటుకైనా ఆ సౌకర్యం లేదు. ప్రతి దీపానికీ, ప్రతి పంపుకూ బ్యాటరీ దాకా తిరిగి వచ్చే నెగెటివ్ వైరు వేరుగా ఉండాలి, అదీ పాజిటివ్ అంత మందంగానే ఉండాలి. లారీల మీద పని నేర్చుకుని రేవుకు వచ్చిన మెకానిక్కులు పాజిటివ్ వైపే వెదుకుతూ పొద్దు పుచ్చడానికి కారణం ఈ అలవాటే.

ఇప్పుడు ఒక బోటు సంగతి చెబుతాను. దాని యజమాని ఒకే నెలలో రెండు బ్యాటరీలు మార్చారు. దీపాలు ధగధగ వెలుగుతున్నాయి, హారను మోగుతోంది, సెల్ఫ్ కొడితే మాత్రం దానికి కరెంటు కలిపే సోలినాయిడు 'టక్' అని, ఇంజను మూలుగుతూ అర చుట్టు తిరిగి ఆగిపోతోంది. బ్యాటరీ విశ్రాంతిలో 12.7 చూపింది. స్టాప్ లీవరు లాగి ఉంచి, అంటే డీజిల్ అందకుండా చేసి, సెల్ఫ్ కొట్టిస్తూ రెండు చోట్ల కొలిచాను. బ్యాటరీ స్తంభాల (టెర్మినళ్ల) మధ్య 10.4 ఓల్టులు, సెల్ఫ్ మోటారు దగ్గర 7.9 ఓల్టులు. రెంటికీ మధ్య రెండున్నర ఓల్టులు దారిలోనే పోతున్నాయి. ఏ దారిలో? మీటరు ఎర్ర మొనను బ్యాటరీ పాజిటివ్ స్తంభానికి, నల్ల మొనను సెల్ఫ్ మీది పెద్ద బోల్టుకు ఆనించి మళ్లీ కొట్టిస్తే 0.3 వచ్చింది. పాజిటివ్ వైపు బాగానే ఉన్నట్టు. నల్ల మొనను నెగెటివ్ స్తంభానికి, ఎర్ర మొనను సెల్ఫ్ ఒంటికి ఆనిస్తే 2.2 వచ్చింది. దొంగ నెగెటివ్ దారిలో ఉన్నాడు.

ఆ దారిని మళ్లీ ముక్కలుగా కొలిచాను. స్తంభానికీ దాన్ని పట్టుకున్న కేబులు క్లాంపుకూ మధ్య 0.05, క్లాంపు నుంచి కేబులు అవతలి కొసన ఉన్న లగ్గు (బోల్టుకు బిగించే లోహపు రింగు) దాకా 0.15, ఆ లగ్గుకూ దాన్ని బిగించిన ఇంజను బ్లాకుకూ మధ్య 2.0. బోల్టు విప్పి చూస్తే, అంతకుముందు ఏడాది ఇంజనుకు వేసిన పచ్చ రంగు మీదనే లగ్గు పెట్టి బిగించారని తెలిసింది. రంగు కింద తుప్పు, లగ్గు లోపలి వైపు చిలుము. గరుకు కాగితంతో రెండు ముఖాలూ మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించి, బయటివైపు కొంచెం గ్రీజు పూసిన తరువాత సెల్ఫ్ దగ్గర 9.5 ఓల్టులు వచ్చాయి, ఇంజను అందుకుంది. బ్యాటరీ దగ్గర మాత్రం 10.4 కాస్తా 10.1కి తగ్గింది. ఇది చూసి కంగారు పడకూడదు. అడ్డు తొలగడంతో సెల్ఫ్ ఎక్కువ కరెంటు లాగుతోంది, అందుకే బ్యాటరీ మరికొంచెం వంగింది.

ఇంత చిన్న అడ్డును నిరోధం కొలిచే ఓమ్ మీటరుతో ముందే పట్టుకోలేమా అని మీకు సందేహం రావచ్చు. లెక్క కట్టి చూడండి. శుభ్రం చేయక ముందు సెల్ఫ్ కొట్టినప్పుడు, వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే క్లాంపు మీటరు దాదాపు 150 ఆంపియర్లు చూపింది. 2 ఓల్టులను 150తో భాగిస్తే 0.013 ఓములు. మామూలు మల్టీమీటరు వైర్ల సొంత నిరోధమే 0.2 ఓముల దాకా ఉంటుంది, కాబట్టి అది ఈ కీలును (అతుకును) 'కలిసే ఉంది' అని చెప్పి, బీప్ కూడా ఇస్తుంది. అదే కీలు గుండా పోయినా, 2 ఆంపియర్లు లాగే దీపానికి నష్టం 0.03 ఓల్టులలోపే, అందుకే దీపాలు ధగధగలాడాయి. దీపాలు బాగా వెలిగాయి కనుక వైరింగు మంచిదే అనే వాదన ఇక్కడే బోర్లా పడుతుంది. పోయిన ఆ 2 ఓల్టులు, 150 ఆంపియర్లు కలిసి 300 వాట్ల వేడిగా మారుతున్నాయి. రెండు మూడుసార్లు సెల్ఫ్ కొట్టాక లగ్గుల దగ్గర చేయి పెట్టి చూస్తే వేడెక్కిన కీలు తానే పట్టిస్తుంది. ముట్టుకునే ముందు ఉంగరం, గడియారం తీసివేయండి.

మీరు ఈ పరీక్ష చేసేటప్పుడు మొనను క్లాంపుకు కాకుండా సీసపు స్తంభానికే నేరుగా ఆనించాలి. లేకపోతే అన్నింటికంటే ఎక్కువగా పాడయ్యే కీలే కొలతలోకి రాకుండా పోతుంది. ఒక్కో కీలు దగ్గర 0.1 ఓల్టు దాటితే విప్పి శుభ్రం చేయవలసినదే. సెల్ఫ్‌ను ఒక్కసారికి 10 సెకన్లకు మించి కొట్టకండి, మధ్యలో నిమిషమైనా ఆగండి. మీ బోటు పొగగొట్టంలోకి సముద్రపు నీరు కలిపి వదిలే రకమైతే, ఇంజను అందుకోకుండా ఊరికే తిప్పేటప్పుడు ఆ నీరు వెనక్కి సిలిండర్లలోకి ఎక్కే ప్రమాదం ఉంది. ముందే నీటి వాల్వు కట్టేసి, అసలు స్టార్టు చేసేటప్పుడు మరచిపోకుండా తెరవండి. పెట్రోలు ఇంజను బోటులో, ఇంజను గదిలోని ఆవిరి పూర్తిగా పోయేదాకా బ్లోయరు నడపనిదే ఏ వైరునూ ముట్టుకోకూడదు. బ్యాటరీ విప్పేటప్పుడు ముందు నెగెటివ్, బిగించేటప్పుడు చివర నెగెటివ్.

చిన్న సర్క్యూట్లకూ ఇదే పద్ధతి, ఒక్క మెలికతో. బోటు మాస్టు మీది దీపం గుడ్డిగా వెలుగుతోందనుకుందాము. బల్బు తీసి హోల్డరులో కొలిస్తే 12.4 చూపుతుంది, వైరింగు మంచిదని మోసపోతాము. కుళాయి కట్టేసి ఉన్నప్పుడు సగం పూడుకుపోయిన గొట్టంలో కూడా పీడనం పూర్తిగానే ఉంటుంది, తిప్పాకే సన్నని ధార బయటపడుతుంది. బల్బు పెట్టి, వెలుగుతూ ఉండగా కొలిస్తేనే 9.8 అనే అసలు అంకె తెలుస్తుంది. ఓల్టులు నెగెటివ్ దారిలో పోతున్నాయో పాజిటివ్ దారిలో పోతున్నాయో తేల్చడానికి, బ్యాటరీ నెగెటివ్ స్తంభం నుంచి పొడవైన విడి వైరు ఒకటి లాక్కుని దీపం దాకా తీసుకుపోండి. వెలుగుతున్న దీపం నెగెటివ్ కొసకూ ఈ విడి వైరుకూ మధ్య ఎంత చూపితే అంతా నెగెటివ్ దారిలో పోతున్నట్టే, మిగిలినది పాజిటివ్‌ది.

ఫ్యూజును విప్పకుండానే పరీక్షించవచ్చు. స్విచ్చు వేసి ఉండగా ఫ్యూజు హోల్డరు రెండు కొసల మధ్య సున్నా వస్తే మంచిది, 12 వస్తే ఫ్యూజు కాలిపోయింది, ఒకటో అరో వస్తే ఫ్యూజు మంచిదే కానీ దాన్ని పట్టుకున్న చెవులకు చిలుము పట్టింది.

లోపం వైరులోనే ఉందని తేలితే, కొస దగ్గర తొడుగు ఒలిచి చూడండి. రాగి మెరవకుండా నల్లగా ఉంటే ఉప్పునీరు తొడుగు లోపలికి పాకిందని అర్థం. మెరిసే రాగి కనబడేదాకా కత్తిరిస్తూ పోవాలి, కొన్నిసార్లు మూరెడు పోతుంది, మొత్తం వైరే మార్చవలసి రావచ్చు. మారిస్తే తగరం పూత ఉన్న వైరే వేయండి. మెలిపెట్టి టేపు చుట్టే పద్ధతిని నేను పూర్తిగా వ్యతిరేకిస్తాను, ఎందుకంటే ఆ టేపు తడిని ఆపకపోగా లోపల దాచిపెడుతుంది. సరైన కొలత లగ్గును క్రింపింగు ప్లయరుతో నొక్కి, పైన లోపల జిగురున్న ష్రింకు గొట్టం వేడి చేసి అతికించడమే దీర్ఘకాలం నిలిచే పని. కేవలం టంకంతో అతికిన కీలు ఇంజను అదురుకు అంచు దగ్గర విరుగుతుంది.

వచ్చే పాఠం లోపల ఈ పని చేయండి. సెల్ఫ్ కొడుతుండగా పాజిటివ్ దారి మొత్తం, నెగెటివ్ దారి మొత్తం, ఆపైన ఒక్కో కీలూ విడివిడిగా కొలిచి, తేదీతో సహా ఒక కాగితం మీద రాసి, బ్యాటరీ పెట్టె మూత లోపలివైపు అంటించండి. రాత్రంతా ఏ స్విచ్చూ వేయకపోయినా తెల్లవారేసరికి బ్యాటరీ దిగిపోయే బోట్లను నాలుగో పాఠంలో పట్టుకుందాము, దానికి 12 ఓల్టుల చిన్న బల్బు ఒకటి, రెండు మూరల వైరూ సిద్ధంగా ఉంచుకోండి.